ముయ్యి లేని కానుక

శిడ్లఘట్ట తాలూకాలోని దిబ్బూరహళ్ళి మొదలుకొని ఇటు చింతామణి, అటు బాగేపల్లి వఱకును గల పల్లెలలో, కచ్చేరి కాగితములన్నియు కన్నడమున నడచుచుండగా ఇంటి మాటయు పొలము మాటయు తెలుగుననే సాగెడి ఆ ఎఱ్ఱనేలల సీమలో, పెండ్లిపందిరి వాకిట ఒక బల్లయు, ఆ బల్లమీద ఒక నోటుపుస్తకమును, దాని వెనుక లెక్క తెలిసిన బంధువొకడును కనబడనిచో ఆ పెండ్లికి నిండుదనము రాదు. దానిని ముయ్యి చదివించుట యందురు. వచ్చినవాడు తన యూరును, ఇంటిపేరును, తండ్రి పేరును చెప్పి నూటపదహార్లో ఐదువందలో బల్లమీద పెట్టును. వ్రాయువాడు పదిమందికి వినబడునట్లు చదివి వ్రాసికొనును. తంతు ముగిసిన పిమ్మట ఆ పుస్తకము పట్టుచీరల పెట్టె అడుగున పొలము పత్రములతోపాటు భద్రమగును. మఱి కొన్ని యేండ్లకు ఆ యిచ్చినవాని యింట శుభకార్యము తటస్థించినప్పుడు పుట తిప్పి చూచి, పెట్టినదానికి మఱికొంత చేర్చి తీర్చుట మర్యాద. తక్కువ పెట్టుట తలవంపు. పెట్టకుండుట పగకు మొదలు. ఇందు తప్పేమియు లేదు. వడ్డీ వ్యాపారి గడప త్రొక్కకుండ ఎందఱో ఆడపిల్లల పెండ్లిండ్లు గట్టెక్కుట ఈ ముయ్యి మూలముననే కదా.

క్రైస్తవ ధర్మమున కానుక యనునది ఈ పుస్తకమునకు సరిగా ఎదురుగా నిలిచినది. లూకా సువార్త పదునాలుగవ అధ్యాయమున యేసు ఒక పరిసయ్యుని యింట పంక్తిలో కూర్చుండి, తనకు అన్నము పెట్టుచున్న ఆ గృహస్థునితోనే, తిరిగి పిలువగల చుట్టములను, కలిగిన పొరుగువారిని విందునకు పిలువవలదనియు, బదులు తీర్చు శక్తి యేమాత్రమును లేని బీదలను, వికలాంగులను పిలువుమనియు ఉపదేశించెను. ముయ్యి తీర్చగలవానిని విడిచి తీర్చలేనివానిని వెదకుమనుట ఇందలి తాత్పర్యము. పిలిచి పీట వేసిన ఇంటివానితో, ఆ పంక్తిలోనే పిలువబడినవారు కూర్చుండియుండగా, ఇంతమాట అనుట ఎంత సాహసమో విందులు చేసిన అనుభవముగలవారు ఊహించుకొనగలరు.

ఈ భావము ఒక్కనాట ఆకాశమునుండి ఊడిపడినది కాదు. దీని వేళ్ళు యూదుల సేద్యములో నున్నవి. ద్వితీయోపదేశకాండము ఇరువదియాఱవ అధ్యాయము చదివినవారికి ఆ దృశ్యము కన్నులకు కట్టును: క్రొత్త పంట చేతికి రాగానే రైతు తొలిఫలములను గంపలో నుంచుకొని దేవుని సన్నిధికి పోయి, యాజకుని చేతికి గంప నందించి, ఊరక తిరిగిరాక, ఒక కథ చెప్పవలెను. ఆ కథలో తన గొప్ప ఏమియు లేదు. తన పూర్వుడొకడు దిక్కులేక తిరిగినవాడనియు, తన జాతి ఐగుప్తులో వెట్టి చేసినదనియు, ఆ వెట్టినుండి దేవుడు విడిపించి ఈ నేల నిచ్చెననియు, అందుచేతనే ఈ గంప తెచ్చితిననియు ఒప్పుకొనుటయే ఆ కథ. ఇచ్చుచున్నవాడు తాను మొదట పుచ్చుకొన్నవాడనని నలుగురిలో చెప్పి మఱీ ఇచ్చుట! అటుపై ఆ దినమున లేవీయునితోను, పరదేశితోను కలిసి సంతోషింపవలెనని విధి. పొలము గట్ల వెంబడి పైరు కోయక విడిచిపెట్టవలెననియు, రాలిన వెన్నులను తిరిగి ఏరుకొనరాదనియు లేవీయకాండము శాసించినది. బోయజు చేనిలో రూతు పరిగె ఏరుకొన్నది ఆ శాసనము చలువవలననే. మన సీమలో వేరుసెనగ పెఱికిన చేలలో పిల్లలును ముసలమ్మలును పరిగె ఏరుకొనుటకు అడ్డుచెప్పని రైతునకు ఆ విధిని విప్పి చెప్పవలసిన పని లేదు.

దావీదు మహారాజు దేవాలయ నిర్మాణమునకై బంగారమును వెండిని రాసులుగా సమకూర్చిన తరువాత చేసిన ప్రార్థనలో ఈ భావమునకు పరాకాష్ఠ కనబడును. మేము నీకిచ్చినది నీ చేతినుండి వచ్చినదే, ఇంత మనఃపూర్వకముగా ఇచ్చుటకు మేమెంతటివారమని ఆయన యనెను. గంగలో నిలిచి దోసిటితో గంగనే గంగకు అర్ఘ్యమిచ్చు మన స్నానఘట్టముల ఆచారము దీనికి మిక్కిలి దగ్గఱ. క్రైస్తవులు కానుకకు చెప్పుకొను ఆధ్యాత్మికార్థమంతయు ఈ యొక్క స్థానముననే నిలిచియున్నది: మనుష్యుని దానము ప్రత్యుత్తరమే కాని ఆరంభము కాదు. ఆరంభము దేవునిది, ఆయన తన కుమారునే ఇచ్చెను, ఆ యీవికి ముయ్యి తీర్చుట యెవరి తరమును కాదు, కనుక తీర్చుటకు వీలులేని ఋణమును తలపై మోయుచున్నవాడు తాను తోటివానికి పెట్టినదానిని పుస్తకమున వ్రాసికొనుటకు సిగ్గుపడవలెను.

క్రిస్మసు కానుకల మూలమును అడిగినచో సామాన్యముగా తూర్పుదేశపు జ్ఞానుల కథ చెప్పుదురు. మత్తయి సువార్త రెండవ అధ్యాయమున వారు ముగ్గురని లేదు. బంగారము, సాంబ్రాణి, బోళము అను మూడు వస్తువులను బట్టి ముగ్గురనుకొనుట పాశ్చాత్యులకు అలవాటైనది గాని, సిరియా దేశపు సంఘములలో పండ్రెండుగురని చెప్పుకొనిరి. రెండవ శతాబ్దిలోనే లియోను నగర సంఘాధ్యక్షుడగు ఐరేనియసు ఈ మూడింటికి అర్థము చెప్పెను: రాజునకు బంగారము, దేవునికి సాంబ్రాణి, మరణింపబోవు నరునికి బోళము. శవమునకు పూయు సుగంధద్రవ్యమును పురిటింటికి తెచ్చుట మన ముత్తైదువలకు సహింపరాని అపశకునము. ఆ అపశకునమునే సంఘము రహస్యార్థముగా స్వీకరించినది. ఇందు గమనింపదగిన విశేషము మఱొకటి యున్నది. ఆ శిశువు తల్లిదండ్రులు దేవాలయమునకు పోయినప్పుడు అర్పించినది గొఱ్ఱెపిల్ల కాదు, గువ్వల జత. గొఱ్ఱెపిల్లకు శక్తిలేనివారికి లేవీయకాండము అనుమతించిన బీదల అర్పణము అది. జ్ఞానులు వచ్చుట ముందో ఈ గువ్వలు ముందో పండితులు తేల్చుకొందురు గాక. ఆ జ్ఞానులకు ఆ యింటినుండి ప్రతిగా లభించినది మాత్రము ఏమియు లేదు. కాళ్ళకు నీళ్ళిచ్చినట్లుకూడ సువార్తికుడు వ్రాయలేదు. వారు వేఱొక మార్గమున స్వదేశమునకు వెడలిపోయిరి.

యెరూషలేము దేవాలయమున కానుకల నిమిత్తము కొమ్ముబూరల ఆకారముగల పదుమూడు పెట్టెలుండెడివని యూదుల మిష్నా గ్రంథము తెలుపుచున్నది. వాని మూతులలో నాణెములు పడునప్పుడు ఎవరెంత వేసిరో చూడకయే చెవితో పట్టుకొనవచ్చునని ఊహించుట కష్టము కాదు. ఆ చోటనే కూర్చుండి యేసు, ధనవంతులు వేసిన పెద్ద మొత్తములను విడిచి, రెండు కాసులు వేసిన ఒక విధవరాలిని శిష్యులకు చూపెను. మిగిలినవారు మిగులునుండి వేసిరి, ఆమె బ్రదుకునుండి వేసినది. కొలత మాఱిపోయినది. ఎంత పెట్టెనన్నది కాక, పెట్టిన పిదప ఎంత మిగిలెనన్నది లెక్కకు వచ్చినది. కుడిచేయి చేసినది ఎడమచేతికి తెలియరాదన్న కొండమీది ప్రసంగమును దీనితో కలిపి చదువవలెను. సహోదరునితో వైరముంచుకొని బలిపీఠముకడకు వచ్చినవాడు కానుకను అక్కడనే విడిచి ముందు సమాధానపడి రావలెనన్న మాటను గూడ చేర్చుకొనవలెను. ఈ మూడవ మాటను నేటి సంఘములు కొంచెము తగ్గు స్వరముతో చదువుచున్నట్లు నాకు తోచును. అది పాటించినచో పండుగనాడు కానుకల సంచి సగము మంది దాటి పోవలసివచ్చునేమో.

ఇంతవఱకు ఒక్కొక్కని హృదయమునకు సంబంధించిన విషయము. దానిని వ్యవస్థగా నిలిపినవాడు అపొస్తలుడగు పౌలు. క్రీ.శ. 55 ప్రాంతమున యెరూషలేములోని బీద విశ్వాసులకొఱకు ఆయన గలతీయ, మాసిదోనియ, అకయ ప్రాంతముల సంఘములనుండి చందా ప్రోగుచేసెను. ఆదివారము ఆదివారము ప్రతివాడును తాను వర్ధిల్లిన కొలది తనయొద్ద తీసి యుంచవలెనని కొరింథీయులకు వ్రాసెను. నేటికిని మన దేవాలయములలో ఆదివారపు కానుకకు మూలము ఆ యొక్క వాక్యమే. తమకే గతిలేని మాసిదోనియవారు మాకును ఇచ్చు భాగ్యము కలుగనిమ్మని బ్రతిమాలుకొనిరని ఆయన ఆశ్చర్యముతో చెప్పుకొనెను. పుచ్చుకొనువాడు బ్రతిమాలుట లోకరీతి. ఇచ్చువాడు బ్రతిమాలుట అక్కడ కనబడినది. ఆయన గొప్ప వేదాంతి మాత్రమే కాదు, మంచి లెక్కలవాడు గూడ. డబ్బు తానొక్కడే మోసికొనిపోక ఆయా సంఘములు ఎంచుకొన్న ప్రతినిధులను వెంటబెట్టుకొని పోయెను. దేవుని యెదుటనే కాక మనుష్యుల యెదుటను నింద లేకుండవలెనని కారణము చెప్పెను. కుడిచేతి దానము ఎడమచేతికి తెలియరాదు సరే. అందఱి దానమును మోయుచున్నవాని రెండు చేతులును అందఱికిని కనబడవలెను.

తరువాతి నూఱేండ్లలో ఈ పద్ధతి స్థిరపడినది. క్రీ.శ. 150 దాటిన కొలదికాలమునకు రోమా చక్రవర్తికి విన్నపము వ్రాసిన జస్టిను, ఆదివారపు ఆరాధన తరువాత ఇష్టమున్నవారు ఇచ్చినది అధ్యక్షునియొద్ద ఉంచుదురనియు, దానితో అనాథలను, విధవలను, రోగులను, చెఱలోనివారిని, పరదేశులను పోషింతురనియు తెలిపెను. క్రీ.శ. 197లో కార్థేజి నగరమున టెర్టులియను తమకును ఒక పెట్టె కలదనియు, నెలకొకమాఱు ఎవరికి మనసున్న వారు వేయుదురనియు, బలవంతము లేదనియు, ఆ ధనము తిండికిని తాగుడుకును పోక బీదలను పాతిపెట్టుటకు, ముసలివారైన దాసులకు, ఓడ పగిలినవారికి వినియోగపడుననియు వ్రాసెను. ఇంటిముంగిట పడిగాపులు పడిన ఆశ్రితులకు రోమా ప్రభువులు పంచి పెట్టెడి దానికిని దీనికిని భేదము ఒక్కటే: ఇక్కడ పుచ్చుకొన్నవాడు దాతను కాదు, దేవుని స్తుతించి ఇంటికి పోవును.

ఈ భావమునకు అతి మనోహరమైన కథారూపము కలిగినది మన దేశము పేరుమీదనే యగుట మనము గర్వింపదగిన విషయము. మూడవ శతాబ్దిలో సిరియాక్ భాషలో పుట్టిన తోమా చరిత్రయందు, ఇండియాకు రానొల్లని అపొస్తలుడగు తోమాను యేసే హబ్బాను అను వర్తకునికి దాసునిగా అమ్మినట్లును, ఆ వర్తకుడు వడ్రంగము తెలిసిన ఆ దాసుని గొండోఫరను రాజునొద్దకు తెచ్చినట్లును ఉన్నది. రాజు తనకొక నగరు కట్టుమని విస్తారముగ ధనమిచ్చెను. తోమా ఆ ధనమంతయు చుట్టుప్రక్కల పల్లెలలోని బీదలకు పంచివేసి, రాజు అడిగినప్పుడెల్ల గోడలు లేచినవనియు, కప్పు మాత్రము మిగిలినదనియు కబురు పంపెను. కప్పునకు గూడ డబ్బు వచ్చినది, అదియు పంచిపెట్టెను. రాజు వచ్చి చూచుసరికి ఖాళీ బయలు. నగరు ఎక్కడ నన్నచో, కట్టితిని గాని నీవిప్పుడు చూడలేవు, ఈ లోకము విడిచిన తరువాత చూతువు అన్నాడట అపొస్తలుడు. రాజు అతనిని చెఱలో వేయించి ఏ విధముగ చంపింతునా యని ఆలోచించుచుండగా రాజు తమ్ముడు గాదు అనువాడు మరణించి, పరలోకమున ఒక దివ్యభవనమును చూచి అందొక గదియైన ఇండని అడుగగా, అది నీ యన్నకు తోమా కట్టించినదని దేవదూతలు చెప్పిరట. ఆ తమ్ముడు తిరిగి బ్రదికివచ్చి, ఆ నగరు నాకమ్మవా యని అన్నను బేరమాడుటతో కథకు హాస్యము పూర్తియైనది. కల్పనయని త్రోసివేయబడిన ఈ గ్రంథములోని రాజు పేరు పందొమ్మిదవ శతాబ్దిలో వాయవ్య భారతమున దొరికిన నాణెములమీద కనబడుట చరిత్రకారులను కలవరపెట్టినది. కథ నిజమని అది ఋజువు కాదు, కథకునికి ఆ రాజు పేరు తెలియునని మాత్రము ఋజువు. లేని కట్టడములకు ఇంజనీర్లు బిల్లులు చెల్లించుట ఈ దేశమున అప్పుడే మొదలైనదని ఒక పరిహాసప్రియుడు నాతో ననియున్నాడు. అతని మాట అట్లుండనిచ్చి చూచినను, అక్కడి తోమా లోకదృష్టిలో నేరస్థుడే; రాజుధనమును రాజు అనుమతి లేక పంచెను. బీదలకిచ్చినది పోలేదు, వేఱొకచోట పేరు మాఱి నిలిచియున్నదని చెప్పుటకు ఆ కథకుడు అంతటి సాహసమునకు ఒడిగట్టెను.

క్రిస్మసునకు కానుకలిచ్చిపుచ్చుకొను వాడుక మాత్రము ఇంత ప్రాచీనము కాదు, ఇంత నిర్మలమును కాదు. రోమనులు జనవరి మొదటి తేదీని స్ట్రేనాలు అను కానుకలను ఇచ్చిపుచ్చుకొనెడివారు. క్రీ.శ. 400 సంవత్సరము ఆ దినముననే అమాసియా నగర సంఘాధ్యక్షుడగు ఆస్టీరియసు దానిని ఖండించుచు ప్రసంగించెను. స్నేహము పేర ఇచ్చుట, మనసులో తిరిగివచ్చు దానిని లెక్కించుట, ఇంటింట తలుపు తట్టి పిండుట, చిన్న అధికారి పెద్ద అధికారికి సమర్పించుకొనుట: ఇది ఆయన చూచిన పండుగ. మన ముయ్యి పుస్తకములో కనీసము చిత్తశుద్ధి యున్నది. అది అప్పని అందఱికి తెలిసినదే. అప్పును స్నేహమని పిలుచుటనే ఆ ప్రసంగీకుడు సహింపలేదు.

దీనికి మాఱుగా క్రైస్తవలోకము నిలుపుకొన్న మూర్తి మిరా నగర సంఘాధ్యక్షుడైన నికొలాసు. నాలుగవ శతాబ్దిలో నేటి టర్కీ దక్షిణతీరమున ఉండిన ఈయననుగూర్చి చరిత్రకు తెలిసినది స్వల్పము, కథలకు తెలిసినది అపారము. ఆ కథలలో మొదటిది మన యిండ్లకు కొత్తది కాదు. చెడి బీదయైన ఒక తండ్రి కట్నమిచ్చుకొనలేక ముగ్గురు కూతుండ్రను పాడువృత్తికి అమ్ముకొను దురవస్థలో నుండగా, నికొలాసు రాత్రివేళ కిటికీనుండి బంగారుమూట విసరి పోయెను, పెద్దదాని పెండ్లియాయెను, రెండవ మూటతో రెండవది. మూడవ మాఱు ఆ తండ్రి నిద్రమానుకొని కాచియుండి, వెంటబడి పట్టుకొని కాళ్ళపై బడగా, నేను బ్రదికియున్నంతవఱకు ఈ సంగతి ఎవరితోను చెప్పరాదని మాట పుచ్చుకొని విడిచెను. దాత యెవరో తెలియనిచో ముయ్యి ఎవరికి తీర్చవలెను? ఆ తండ్రి ఎంత అవస్థపడియుండునో! డిసెంబరు 6వ తేదీ నికొలాసు పండుగ యగుటచే ఐరోపాలో పిల్లలకు ఆ దినమున కానుకలిచ్చెడివారు. మార్టిను లూథరు నాటినుండి జర్మనీ దేశపు ప్రొటెస్టెంట్లు దానిని బాలక్రీస్తు పేర క్రిస్మసునకు మార్చిరి. ఇంగ్లండున ప్యూరిటనులు 1647లో పండుగనే నిషేధించిరి. పందొమ్మిదవ శతాబ్దిలో అమెరికాలో ఆ నికొలాసే బుగ్గలు నిండిన ఎఱ్ఱకోటు తాతయై, అంగళ్ళలో కూర్చుండెను. అక్కడనుండి కథ వర్తకులది.

మన దేశమునకు వచ్చిన మార్గము వేఱు. 1792 అక్టోబరు 2వ తేదీ ఇంగ్లండులోని కెటరింగు పట్టణమున ఒక విధవరాలి యింటి గదిలో కూడిన కొందఱు బాప్టిస్టు బోధకులు, దూరదేశములకు సువార్త పంపవలెనని సంకల్పించి, ఎవరెంత ఇత్తురో చీటీలమీద వ్రాసి ఆండ్రూ ఫుల్లరు అను బోధకుని నస్యపుడబ్బీలో వేసిరి. మొత్తము 13 పౌనుల 2 షిల్లింగుల 6 పెన్నీలు. మిషనరీ విలియం కేరీ ఇండియాకు వచ్చుటకు మూలధనము ఆ పొడుముడబ్బీ. 1795లో ఏర్పడిన లండను మిషనరీ సంఘమువారు సముద్రయానములకు 1844లో జాను విలియమ్సు అను ఓడను నీట దింపినప్పుడు దాని ఖరీదును చాలవఱకు ఆదివారపు బడి పిల్లలు పెన్నీ పెన్నీగా కూడబెట్టిరి. ఎవరికొఱకో తెలియక, ఎన్నడును చూడబోని జనులకొఱకు ఇచ్చిన అట్టి చిల్లరనాణెములలో కొన్ని చుట్టుతిరిగి మన సీమకును చేరినవి. జమ్మలమడుగులో ఆసుపత్రి నెలకొల్పిన ఆ సంఘపు వైద్యుడు టి. వి. కాంబెలు తరువాత చిక్కబళ్ళాపురమునకు వచ్చి మఱొక ఆసుపత్రికి పునాది వేసెను. దానికి లండను సంఘ కార్యదర్శియగు రాల్ఫు వార్డ్లా థామ్సను పేరు పెట్టిరి. దిబ్బూరహళ్ళి మొదలగు పల్లెలనుండి బండ్లమీద పురిటాండ్రను, పాము కఱచినవారిని తెచ్చుకొన్న చోటులలో అదియు నొకటి. ఆ కార్యదర్శి పేరు రాతిమీద నిలిచినది. పెన్నీలిచ్చినవారి పేరులు ఎక్కడను లేవు.

అంతకు నూట యేబదేండ్లకు పైబడి ముందే ఈ చిక్కబళ్ళాపురమున ఫ్రెంచి జెసూయిటులుండిరి. పుదుచ్చేరినుండి కర్ణాటక మిషను అను పేరుతో బయలుదేరిన వారు పదునెనిమిదవ శతాబ్ది తొలి దశాబ్దులలో పుంగనూరు, కృష్ణాపురము, చిక్కబళ్ళాపురములలో స్థానములేర్పరచుకొని, కాషాయము ధరించి, మాంసము విడిచి, తెలుగు నేర్చి సన్యాసులవలె జీవించిరి. లెగాకు మొదలైనవారు ఇక్కడనుండి వ్రాసిన ఉత్తరములు పారిసులో అచ్చుపడి, చదివినవారి ఔదార్యమును మేల్కొలిపినవి. ఇచ్చువారు పారిసులో, పుచ్చుకొనువారు పల్లెలలో: ఈ దూరమే తరువాతి రెండువందల యేండ్ల చిక్కునకు మూలము. ఎప్పుడును పుచ్చుకొనుచునే యున్నవాని వెన్ను క్రమముగా వంగును. దాతకు ఆ సంగతి తెలియదు. వంగినవానికి తెలిసినను చెప్పలేడు.

ఈ చిక్కును కన్నులార చూచినవాడు ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాను క్లఫు. 1876–78 మహాక్షామమున తెలుగు జిల్లాలు మాడిపోవుచుండగా ఆయన తన పూర్వవిద్యయగు సర్వేయరు పనిని వినియోగించి బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకము కంట్రాక్టుకు తీసికొని, ఆకలిగొన్న వేలమందికి కూలి కల్పించెను. ఊరక గంజి పోయక పనియిచ్చి కూలియిచ్చుట మొదటి వివేకము. రెండవది ఇంకను అపూర్వమైనది: క్షామము తీఱువఱకు, పదునైదు మాసములపాటు, బాప్తిస్మము అడిగిన ఎవ్వరికిని ఇయ్యలేదు. గింజలకొఱకు మతము పుచ్చుకొన్నారన్న నింద వారికిని, గింజలతో మతము కొన్నాడన్న నింద తనకును రాకూడదని ఆయన పట్టుదల. వర్షములు పడి, సహాయము ఆగిపోయిన పిదప, 1878 జూలై 3వ తేదీ గుండ్లకమ్మ తీరమున వెల్లంపల్లి వద్ద ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. కానుకకును లంచమునకును నడుమ నున్న సన్నని గీతను ఇంత నిక్కచ్చిగా గీచినవారు మన మిషను చరిత్రలో అరుదు. మెదకులో చార్లెసు పాస్నెటు కఱవుకాలపు కూలిపనిగా సాగించిన మహాదేవాలయము 1924 క్రిస్మసునాడు ప్రతిష్ఠితమైనది. దాని వైభవమును చూడబోయినవారు దానివెనుకనున్న పస్తులను గూడ తలపోయుట మంచిది.

వంగిన వెన్నును నిలువబెట్టిన ఖ్యాతి దోర్నకల్లు బిషపు వేదనాయకం శామ్యూలు అజరయ్యగారిది. తిరునెల్వేలి సీమలో 1874లో పుట్టిన ఈ తమిళుడు 1909లో నిజాము రాజ్యములోని తెలుగు పల్లెలకు వచ్చెను. వచ్చుటయే ఒక కానుక ఫలము: తిరునెల్వేలి క్రైస్తవులు విదేశధనము నాశింపక 1903లో తామే స్థాపించుకొన్న మిషనరీ సంఘము ఆ పనిని పోషించినది. 1910లో స్కాట్లండులోని ఎడింబరో నగరమున ప్రపంచ మిషనరీల మహాసభలో ఆయన నిలిచి, మీరు మీ ఆస్తి నిచ్చితిరి, మీ ప్రాణముల నిచ్చితిరి, అందుకు భారత సంఘము యుగయుగములు కృతజ్ఞత చెప్పును, అయినను మేమడుగునది స్నేహము, స్నేహితులను పంపుడు అను భావము వచ్చునట్లు ముగించినప్పుడు సభలో కొందఱికి కంటగింపైనదట. దాతలతో నిండిన సభలో పుచ్చుకొన్న దేశపు యువకుడు లేచి, మీరిచ్చినవాటిలో ముఖ్యమైనది లోపించినదని చెప్పుట! పరిసయ్యుని యింటి పంక్తిలో యేసు అన్న మాటకు ఇది మేనల్లుని వరుస.

1912 డిసెంబరు 29వ తేదీ ఆయన దోర్నకల్లు బిషపైన పిదప, మాల మాదిగ పల్లెలలోని సంఘములకు బోధించినది ఇచ్చుటనే. వెట్టిచాకిరి తప్ప మఱొకటి ఎఱుగనివారిని, కూటికే గతి లేనివారిని, కానుకలు తెమ్మనుట క్రూరముగా తోచవచ్చును. ఆయన వాదము దానికి విరుద్ధము. ఇచ్చునది లేదని బీదవానిని విడిచిపెట్టుట వాని బీదరికమునకు రెండవ అవమానము. కనుక కోడిపిల్లనో, గుమ్మడికాయనో, కుంచెడు జొన్నలనో తేనిమ్మనెను. మాసిదోనియవారిని చూచి పౌలు పొందిన ఆశ్చర్యమునే ఆయన దోర్నకల్లులో కోరుకొనెను. ఈ విషయమున ఆయన ఆంగ్లమున వ్రాసిన క్రైస్తవ దానము అను చిన్నపుస్తకము, 1945 జనవరి 1వ తేదీ ఆయన గతించిన తరువాత, వరల్డు క్రిస్టియను బుక్సు శ్రేణిలో వెలువడి అన్య ఖండములలోను చదువబడినది. ఆయన కట్టించిన దేవాలయము ప్రతిష్ఠ 1939 జనవరి 6వ తేదీ జరిగినది. ఆ తేదీ ఎపిఫనీ పండుగ, జ్ఞానులు కానుకలతో వచ్చిన దినము. దేవాలయమునకు పేరును అదే. గుమ్మటములును, మన కోవెలల పోలికగల స్తంభములును గల ఆ కట్టడమును చూచినవారికి, తూర్పుదేశము తన బంగారమును సాంబ్రాణిని తానే తెచ్చుకొన్నదన్న భావము స్ఫురింపక మానదు.

ఆ బోధ ఒక్క దోర్నకల్లుననే నిలిచిపోలేదు. తెలుగు సంఘములలో చాలచోట్ల పిడికెడు బియ్యమను వాడుక కలదు. పొయ్యిమీద ఎసరు పెట్టి చేటలో బియ్యము పోసికొన్న యిల్లాలు, కడుగకముందే ఒక పిడికెడు తీసి ప్రక్కనున్న డబ్బాలో వేయును. పూటకు పిడికెడు, వారమునకు ఇంచుమించు ఒక శేరు. ఆదివారము స్త్రీల సమాజమువారు వానిని ఒకచోట పోసి, బోధకునికో, ఊరిలోని దిక్కులేనివారికో కొలిచి ఇచ్చివేయుదురు. మిగిలినచో అమ్మి లెక్కలో కట్టుదురు. అందఱి బియ్యము కలియుటచేత ఆ బస్తాలో సన్నవి, దొడ్డువి, రేషనువి, నూకలు అన్నియు నుండును. అది వండినచో కొంత మెత్తనై కొంత పలుకై యుండును. దాని రుచి బోధకుల పిల్లలకు తెలియును. ఆ పిడికెడు ఇంటివారు తినగా మిగిలినది కాదు, వండకముందు తీసినది. తొలిఫలముల గంపకును దీనికిని బంధుత్వము కలదు. ఇంటి యజమాని యనుమతితో పనిలేకుండ, చేతిలో పైసలేని స్త్రీ తన అధికారమున ఇయ్యగలిగిన దానము అదొక్కటే యగుటయు గమనింపదగినది.

ఈ నడుమ వేఱొక బోధ వినబడుచున్నది. వేదికలెక్కిన కొందఱు ప్రసంగీకులు ఇచ్చినదానికి దేవుడు నూఱంతలు తిరిగి ఇచ్చునని వాగ్దానము చేసి, విత్తనము వేయుడని సంచులు త్రిప్పుచున్నారు. ఇల్లు కట్టుకొనుటకు ఇంత, కొడుకు ఉద్యోగమునకు ఇంత, కోర్టువ్యాజ్యమునకు ఇంత. దేవుని పేరు పుస్తకమున వ్రాసి, రేపు నా యింటి శుభకార్యమునకు వడ్డీతో తెమ్మనుట ఇది. ఆస్టీరియసు ఖండించిన జనవరి పండుగకు ఇది ఆదివారపు దుస్తులు తొడుగుట. పౌలు సమృద్ధిగా విత్తుమన్న ఉపమానమును ఎత్తుకొని దాని పంటను మాత్రము మార్చుట. పౌలు చెప్పిన పంట ఇచ్చినవాని గాదెలోని ధాన్యము కాదు. పుచ్చుకొన్నవారి నోట దేవునికి కలుగు స్తోత్రము, ఇకముందును ఇయ్యగల చేయి. ఆ అధ్యాయము చివరవఱకు చదివినవారికి ఈ సందేహము రాదు.

కోతపండుగ మాత్రము ఇంకను ఆరోగ్యముగ నున్నది. పంటలు ఇల్లుచేరిన కాలమున ఒక ఆదివారము దేవాలయము ముందు తాటాకు పందిరి వేసి, వేదిక చుట్టును జొన్నకంకులును, చెఱకుగడలును, అరటిగెలలును కట్టుదురు. ఎవరి యింట ఏది పండిన అది తెత్తురు: గుమ్మడికాయలు, చింతపండు ముద్దలు, వేరుసెనగలు, కాళ్ళు కట్టిన కోళ్ళు, అప్పుడప్పుడు ఒక మేకపిల్ల. ఆరాధనము నడుమ కోడి కూసినను ఎవరును నవ్వరు. ఆశీర్వాదము ముగియగానే వేలముపాట మొదలగును. గొంతుగల పెద్ద ఒకడు బల్లమీదికి ఎక్కి ఒక్కొక్కదానిని ఎత్తి చూపి హెచ్చుపాటకు పెట్టును. సంతలో బేరము తగ్గించుకొనుటకు గంటసేపు వాదించినవారే ఇక్కడ తమ పెరటి వంకాయలను తామే రెండింతలకు పాడుకొందురు. ఎవరో ముసలమ్మ కొంగున ముడివేసి తెచ్చిన ఒక్క కోడిగ్రుడ్డు వచ్చినప్పుడు సందడి హెచ్చును. పట్టణమునుండి సెలవుమీద వచ్చిన ఉద్యోగి ఒకడు దానిని వందకు పాడును. పాడి, తీసికొనక, మరల పాటకు పెట్టుడనును. మఱొకడు నూటయేబదికి పాడి మరల తిరిగి యిచ్చును. లెక్క వ్రాయు సంఘపెద్ద గ్రుడ్డు ఒక్కటే, పేరులు నాలుగు అని విసుగుకొనుచు వ్రాసికొనును. తుదకు అది పగులకుండ బ్రదికినచో, పాడినవారిలో ఎవరికిని దక్కక, వంటశాలలో పనిచేయుచున్న వారి చేతికి పోవును. తెచ్చిన ముసలమ్మ పేరు మాత్రము ఆ పట్టీలో ఎక్కదు. ఆమె అది తెచ్చి బల్లమీద పెట్టినప్పుడు వ్రాయువాడు ఇంకను కుర్చీ వెదకుకొనుచుండెను.